పనిముట్లు పోగయ్యాయి.. పాట మిగిలిపోయింది

ఇల్లందు: ఒకప్పుడు హార్మోనియం పెట్టె కొనడమంటే ఇంట్లో పెళ్లి తలపెట్టినంత పని. ఏడాది పొడవునా కూడబెట్టి, తెలిసినవారిని వెంటబెట్టుకుని పట్నం పోయి, మెట్లన్నీ పలికించి చూసి, బేరమాడి తెచ్చుకునేవారు. తెచ్చాక గుడ్డ కప్పి నడింట్లో పెట్టేవారు. ఊళ్లో భజనకూ అదే, నాటకానికీ అదే, పిల్లలకు సరళీ స్వరాలు నేర్పడానికీ అదే. ఏదైనా ఒక మెట్టు మూగబోతే దాన్ని తప్పించి వాయించడం కూడా అలవాటైపోయేది.

ఇప్పుడు అంత శ్రమ లేదు. ఇంట్లో ఒక కంప్యూటరు, దానికి ఇంటర్నెట్టు ఉంటే చాలు, తెల్లవారేసరికి పది స్టూడియోలు వచ్చి కూర్చుంటున్నాయి. వాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. పాటను రికార్డు చేసేది ఒకటి, రికార్డయిన దాన్ని కోసి అతికించేది ఒకటి, స్వరాలు రాసేది ఒకటి, తబలా, డోలక్ శబ్దాలు పుట్టించేది మరొకటి. ఇలా ఒకదాని వెంట ఒకటి దించుకుంటూ పోయే సంగీతాభిమానులు దేశదేశాల్లో ఉన్నారు. బొగ్గుట్టగా పేరుపడ్డ ఇల్లందు వంటి చిన్న పట్టణానికి ఈ సరదా రావడానికీ అడ్డేమీ లేదు.

ఈ సరదా గలవారిలో ఎక్కువమందికి సంగీతం వృత్తి కాదు. పగలు గనిలోనో, బడిలోనో, దుకాణంలోనో పనిచేసి వచ్చి, రాత్రి భోజనం అయ్యాక ఒక గంట పాట కోసం కూర్చునేవారే. ఆ గంట ఎటు పోతున్నదన్నదే ఇక్కడి సంగతి.

తెర మీద తిరునాళ్లు

ఇలాంటివారి కంప్యూటరు తెరిస్తే ప్రోగ్రాముల బొమ్మలు తిరునాళ్లలో అంగళ్లలా బారులు తీరి కనిపిస్తాయి. అందరి దగ్గరా ముందుగా ఉండేది ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాము 2000 మే నెలలో జనానికి అందింది. ఉచితం. మీట నొక్కితే రికార్డు చేస్తుంది, అక్కరలేని దగ్గును, కుర్చీ చప్పుడును కత్తిరించి పారేయనిస్తుంది. నిజానికి ఇంట్లో పాట దాచుకోవాలనుకునేవారికి ఇదొక్కటే చాలావరకు సరిపోతుంది. కాని సరిపోయిందని అక్కడితో ఆగేవారు అరుదు.

దాని పక్కనే రీపర్ ఉంటుంది. విన్‌ఆంప్ తయారుచేసి పేరు తెచ్చుకున్న జస్టిన్ ఫ్రాంకెల్ దీన్ని 2006లో విడుదల చేశాడు. 60 రోజులు ఊరికే వాడి చూడవచ్చు. గడువు దాటినా తలుపు మూయదు. తెరిచిన ప్రతిసారీ డబ్బు సంగతి గుర్తుచేసి ఊరుకుంటుంది. మొహమాటం గల అప్పులవాడన్న మాట. ఆ తరువాత ఎల్ఎంఎంఎస్, ఆర్డర్ వంటివి వరసలో ఉంటాయి. బెల్జియంలోని ఇమేజ్‌లైన్ సంస్థ 1997లో ఫ్రూటీలూప్స్ పేరుతో విడిచిన ఎఫ్ఎల్ స్టూడియో సరేసరి. పెళ్లి ఊరేగింపుల్లో దద్దరిల్లే డీజే పాటలు కట్టేవారికి ఈ పేరు కొత్త కాదు.

ఈ ఎఫ్ఎల్ స్టూడియో నమూనా ప్రతిలో ఒక మెలిక ఉంది. ఎంతసేపైనా పాట కట్టుకోవచ్చు, దాచుకోవచ్చు కూడా. అయితే దాచిన పాటను మర్నాడు మళ్లీ తెరవనీయదు. డబ్బు కట్టి అసలు ప్రతి కొంటేనే తెరుచుకుంటుంది. ఈ సంగతి తెలియక తెల్లవార్లూ కూర్చుని కట్టిన దరువు మర్నాటికి తాళం పడిన పెట్టెలో చిక్కుకుపోతుంది. డబ్బు కట్టలేనివాడు దానిమీద అలిగి ఇంకో ప్రోగ్రాము దించుకుంటాడు. వరసలో మరో అంగడి వెలుస్తుంది.

స్వరాలు రాసే ప్రోగ్రాములది వేరే బారు. జర్మనీకి చెందిన వెర్నర్ ష్వేర్ 2002లో మొదలుపెట్టిన మ్యూస్‌స్కోర్ ఉచితం. 2011లో దాని మొదటి పూర్తి కూర్పు, 2022 డిసెంబరులో నాలుగవ కూర్పు వచ్చాయి. 1996లో నెదర్లాండ్స్‌లో పుట్టిన లిలీపాండ్ మరో తరహా. అందులో స్వరాలను గీతల మీద పెట్టడం ఉండదు. అక్షరాల్లో టైపు చేసి ఇస్తే అదే పుస్తకంలో అచ్చువేసినంత అందంగా పేజీ కట్టి ఇస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది గాని నేర్చుకోవడానికి మళ్లీ బడికి పోయినంత పని.

ఇక ఈ ప్రోగ్రాముల్లో తగిలించుకునే చిన్న పరికరాలు, వాద్యాల శబ్దాల మూటలు లెక్కకు అందవు. డ్రమ్ముల శబ్దాల మూట ఒక్కటే కొన్ని జీబీలు తింటుంది. పాత 32 బిట్ల కాలంలో తగిలించుకున్నవి కొత్త కంప్యూటరులో పలకకపోవచ్చు. అయినా తీసేయడానికి చేయి రాదు. పాత సైకిలు టైర్లు దొడ్లో వేలాడదీసుకున్నట్టు ఎప్పుడైనా పనికిరాకపోతుందా అని ఉంచుకుంటారు.

మద్దెల ఓడు

ఇన్ని ఎందుకు అంటే ప్రతిదానికీ ఒక జవాబు ఉంది. దీంట్లో రికార్డింగు బాగుంటుంది గాని స్వరాలు రాయలేము. దాంట్లో స్వరాలు రాయవచ్చు గాని గొంతు రికార్డు కాదు. ఇంకోదాంట్లో రెండూ ఉన్నాయి గాని పాత కంప్యూటరు మోయలేకపోతున్నది. ఇందులో దేనినీ అబద్ధమని కొట్టివేయలేము. అయితే మొదటి ప్రోగ్రాములో పాట పూర్తికాకపోవడానికి కారణం ఆ ప్రోగ్రామేనా అని ఎవరికి వారు అడిగి చూసుకోవాలి. ఆడలేక మద్దెల ఓడు అన్న మాట మనవాళ్లు ఊరికే అనలేదు. కొత్త మద్దెల వచ్చిన రోజు ఆట వస్తుందన్న ఆశ మనసులో ఎక్కడో ఉంటుంది.

మరో సంగతి కూడా ఉంది. కొత్త ప్రోగ్రామును దించుకుని, తెరిచి, అందులోని మీటలన్నీ నొక్కి చూస్తుంటే ఏదో పనిచేస్తున్నామన్న తృప్తి కలుగుతుంది. వాడే విధానం చెప్పే వీడియోలు చూస్తుంటే విద్య వస్తున్నట్టే ఉంటుంది. రెండు గంటలు గడిచిపోతాయి. పాట మాత్రం ఒక్క చరణం ముందుకు జరగదు. పాత ఫైళ్లు వెతికితే ఎనిమిది ఆవర్తాల దరువు ఒకటి, పల్లవి దగ్గర ఆగినది ఒకటి, పేరు మాత్రమే పెట్టి లోపల ఏమీ లేనివి నాలుగు బయటపడతాయి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇది ఇక్కడివారికే అంటుకున్న జాడ్యం కాదు. గిటార్ల మీద గిటార్లు కొనేవారిని గేలిచేస్తూ ఇంగ్లీషువారు ఈ అలవాటుకు ఒక జబ్బు పేరే పెట్టారు. గిటారు కొనాలంటే డబ్బు అడ్డం వస్తుంది. ఉచిత ప్రోగ్రాముకు ఆ అడ్డం కూడా లేదు.

దీనివల్ల ఎవరికి నష్టం అని అడగవచ్చు. పేకాటకన్నా నయమే కదా అనవచ్చు. నిజమే. ఇంటివారు కూడా పెద్దగా పట్టించుకోరు. నష్టం ఇంట్లో కనిపించదు. అది ఊరి చుట్టూ ఉంది.

రెండు నెలల తేడాలో

ఇల్లందు చుట్టుపక్కల పాటకు కొదవ లేదు. 1871లో విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టి, 1889లో తవ్వకం మొదలైనప్పటి నుంచి ఎక్కడెక్కడివారో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఎవరి పాటలు వారు వెంట తెచ్చుకున్నారు. అంతకు ముందునుంచీ ఇక్కడ ఉన్న కోయలకు రేల పాటలు, డోలు, కొమ్ము ఉన్నాయి. గుండాల, ఆళ్లపల్లి అడవి పల్లెల్లో ఇవి వినిపిస్తాయి. టేకులపల్లి వైపు తండాల్లో శ్రావణంలో తీజ్ వస్తే పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు పాడతారు. బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు ఉండనే ఉన్నాయి. ఇందులో అధికభాగం ఏ పుస్తకానికీ ఎక్కలేదు. కోయ భాషకు, లంబాడీల గోరుబోలికి పుస్తకాలు బహు తక్కువ. పాడేవారి నోటిలోనే పాట బతికి ఉంటున్నది.

ఈ పాటల్లో డోలీలది ప్రత్యేకమైన స్థానం. కోయల్లో గోత్రాల పుట్టుపూర్వోత్తరాలను, వేల్పుల కథలను పాడి చెప్పేవారు వీరే. వేల్పుల కొలుపులకు, చావు కర్మలకు వీరు రావలసిందే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ కోవకు చెందినవారు. కంచుమేళం, కంచుతాళం కళాకారుడిగా పేరుపొందిన ఆయన సమ్మక్క సారలమ్మ కథను, కోయ వీరుల గాథలను పాడేవారు. 2022లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. పద్మశ్రీ వచ్చింది కాబట్టి ఆయన పేరు పత్రికలకెక్కింది. బిరుదులు లేని పాటగాళ్లు పోయినప్పుడు ఊరి పొలిమేర దాటి కబురు పోదు.

అదే 2024లో, ఆగస్టు 26న, అమెరికాలో మరో కబురు వెలువడింది. సంగీతం రాసే ప్రోగ్రాముల్లో పెద్దన్న వంటి ఫినాలేను ఇక అభివృద్ధి చేయబోమని మేక్‌మ్యూజిక్ సంస్థ ప్రకటించింది. 1988లో మొదలైన ప్రోగ్రాము అది. 30 ఏళ్లకు పైగా సినిమాలకు, బళ్లకు, చర్చీలకు, పుస్తకాల అచ్చుకు దానితో స్వరాలు రాసినవారు ఉన్నారు. కొత్త కంప్యూటరులో దానికి అనుమతి ఇచ్చే పని ఏడాదిలో ఆపేస్తామని సంస్థ మొదట చెప్పింది. గగ్గోలు పుట్టాక వెనక్కి తగ్గింది. జీవితమంతా రాసుకున్న స్వరాలను మరో ప్రోగ్రాములోకి ఎలా తరలించాలన్నది వాడుకరులకు ఒక పెద్ద పని అయి కూర్చుంది.

ఇలా జరగడం ఇదే మొదలు కాదు. 1987 నుంచి ఉన్న కేక్‌వాక్‌ను కొనుక్కున్న గిబ్సన్ సంస్థ 2017 నవంబరులో దాన్ని ఆపివేసింది. 2018లో సింగపూరుకు చెందిన బ్యాండ్‌ల్యాబ్ దాన్ని తీసుకుని ఉచితంగా ఇచ్చింది. ఉచితం అనగానే ఎందరి సంచిలోనో మరో ప్రోగ్రాము చేరింది. 2023లో ఆ బ్యాండ్‌ల్యాబే దాని స్థానంలో సోనార్ అనే కొత్తది తెస్తున్నామని చెప్పింది. ఇంగ్లండులో అన్నదమ్ములైన బెన్ ఫిన్, జోనథన్ ఫిన్ 1993లో తెచ్చిన సిబీలియస్ 2006లో అవిడ్ సంస్థ చేతికి పోయింది. 2012లో లండన్ కార్యాలయం మూతపడితే అక్కడివారిలో పలువురు స్టైన్‌బెర్గ్‌లో చేరి 2016లో డోరికో అనే మరో ప్రోగ్రాము తయారుచేశారు. పాత దుకాణం మూసి ఎదురుగా కొత్త దుకాణం తెరిచినట్టే.

కాగా ఈ మార్పులు తట్టుకునే దారి ఒకటి ఉంది. ఒక ప్రోగ్రాములో రాసిన స్వరాలను మరోదాంట్లో తెరవడానికి మైకేల్ గుడ్ అనే ఆయన రూపొందించిన మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ మొదటి కూర్పు 2004లో వచ్చింది. మ్యూస్‌స్కోర్, ఫినాలే, సిబీలియస్, డోరికో అన్నీ దీన్ని గుర్తిస్తాయి. రాసిన ప్రతిదాన్నీ ఆ రూపంలో ఒక ప్రతి, కాగితం మీద ఒక ప్రతి దాచుకున్నవారికి ఏ సంస్థ మూతపడినా దిగులు లేదు.

120 ఏళ్లు దాటినా తెరుచుకునేది

కాగితం మాట వచ్చింది కాబట్టి ఒక తెలుగు పుస్తకం సంగతి చెప్పుకోవాలి. తమిళనాడులోని ఎట్టయపురంలో 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చయింది. రచయిత సుబ్బరామ దీక్షితులు. ముత్తుస్వామి దీక్షితుల వంశంవారు. అచ్చయినది తమిళ దేశంలోనే అయినా పుస్తకం మాత్రం తెలుగు లిపిలో ఉంది. రెండు సంపుటాలు, సుమారు 1,700 పేజీలు. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు 229 అందులో స్వరాలతో సహా ఉన్నాయి.

ఈ పుస్తకం వెనుక ఉన్న వ్యక్తి ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు. మన సంగీతాన్ని పాశ్చాత్యుల ఐదు గీతల పద్ధతిలో రాసి నిలపాలని ఆయన తాపత్రయపడ్డారు. 1893లో ఆ పద్ధతిలో ఒక పుస్తకం కూడా తెచ్చారు. ఆ పనిలోనే సుబ్బరామ దీక్షితులతో పరిచయమై, తన దగ్గరున్న విద్యనంతా గ్రంథస్థం చేయాలని ఆయనను ఒప్పించారు. ఎట్టయపురం సంస్థానాధిపతి అండ దొరికింది. అప్పటికే వయసు మీరిన దీక్షితులు పని పూర్తిచేసి, పుస్తకం వచ్చిన రెండేళ్లకు 1906లో మరణించారు. మరికొన్నాళ్లు ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

ఆ పుస్తకంలో విశేషం గమకాల గుర్తులు. స రి గ మ అని అక్షరాలు రాస్తే స్వరం ఏదో తెలుస్తుంది గాని దాన్ని ఊపాలా, జార్చాలా, నొక్కాలా అన్నది తెలియదు. మన సంగీతానికి ప్రాణం అక్కడే ఉంది. అందుకని ఒక్కొక్క గమకానికీ ఒక్కొక్క గుర్తు పెట్టి స్వరాల మీద అచ్చువేయించారు. నేటి ప్రోగ్రాములు చాలావరకు పాశ్చాత్య పద్ధతికి తయారైనవి. స్థాయిని 12 మెట్లుగా కోసి, ప్రతి స్వరాన్నీ ఒక మెట్టు మీద కూర్చోబెడతాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య జారే గొంతును రాయాలంటే వాటికి చేతకాదు. 1983లో వచ్చిన మిడి పద్ధతిలో స్వరాన్ని వంచే వీలు ఉంది గాని డోలీ గొంతులోని వంపును చేత్తో గీసి చూపడం కొండకు తాడు కట్టి లాగడమే. తాళమూ అంతే. రేల పాట గుంపుగా పాడుతున్న కొద్దీ ఊపందుకుంటుంది. టిక్కు టిక్కుమనే యంత్రం లెక్కకు అది లొంగదు.

అందుచేత ఇలాంటి పాటలకు మొదట కావలసింది రికార్డు. రాయడం తరువాతి మాట. రాయాలనుకుంటే తెలుగు అక్షరాల్లో స్వరాలు రాసి, పై స్థాయికి పైన చుక్క, కింది స్థాయికి కింద చుక్క, ఆగిన చోట కామా పెట్టే పాత పద్ధతి ఉండనే ఉంది. మ్యూస్‌స్కోర్‌లో రాసేవారు స్వరాల కింద పాట మాటలను తెలుగులోనే టైపు చేసుకోవచ్చు.

యంత్రాలేమీ పెద్దగా లేని రోజుల్లోనే ఈ పని చేసినవారు ఉన్నారు. వరంగల్లు ప్రాంతంవారైన బిరుదురాజు రామరాజు పల్లె పాటలను సేకరించి పరిశోధన చేశారు. తెలుగు జానపద గేయ సాహిత్యముగా అది 1958లో వెలువడింది. జయధీర్ తిరుమలరావు దశాబ్దాల పాటు ఊళ్లు, గూడేలు తిరిగి ఆదివాసీ వాద్యాలను పోగుచేశారు. వారూ పోగుచేసినవారే. పోగుచేసింది ఏమిటన్నదే తేడా.

గంట పాటకు ఎంత చోటు

రికార్డు చేయడానికి ఏమి కావాలో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చేతిలో ఉన్న ఫోను చాలు. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, 16 బిట్లలో రాసే వేవ్ ఫైలు ఒక నిమిషానికి సుమారు 5.3 ఎంబీ పడుతుంది. గంటకు 318 ఎంబీ. ఇది ఒకే మైకు లెక్క. రెండు మైకులైతే దానికి రెట్టింపు. డ్రమ్ముల శబ్దాల మూట ఒక్కటి తీసేస్తే వచ్చే ఖాళీలో ఒక ముసలమ్మ పాడగలిగిన పాటలన్నీ పడతాయి. ఎంపీ3లో దాస్తే ఇంకా తక్కువ చోటు పడుతుంది గాని అందులో శబ్దంలో కొంత భాగం పోతుంది. పోయినది మళ్లీ రాదు. అసలు ప్రతి వేవ్‌లో ఉంచుకుని, పంచుకునేందుకు ఎంపీ3 చేసుకోవడం మంచిది.

ఫోనును విమానం గుర్తు మీద పెడితే మధ్యలో పిలుపులు రావు. పాడేవారికి మూరెడు దూరంలో, మెత్తని గుడ్డ మీద ఉంచాలి. ఫ్యాను ఆపాలి. రేకుల ఇంట్లో కన్నా చెట్టు కింద మేలు, గాలి లేకుంటే. ఓపెన్‌కాస్టు గనిలో పేల్చే వేళ, బొగ్గు లారీలు తిరిగే బాట పక్కన కూర్చుంటే అవి కూడా పాటలో చేరతాయి. అయినా పరవాలేదు. కోడి కూతలు, పసిపిల్ల ఏడుపు, పొయ్యి మీద కట్టె చిటపట ఉన్న రికార్డు స్టూడియోలో చేసినంత శుభ్రంగా ఉండదు. ఏ ఊళ్లో పాడారో మాత్రం వినగానే తెలుస్తుంది.

మొదలుపెట్టే ముందు పాడేవారి అనుమతి అడగాలి. కొన్ని పాటలు వేల్పు ముందు తప్ప పాడకూడనివి ఉంటాయి. కొన్ని పరాయివారికి వినిపించడం ఇష్టం ఉండదు. కాదంటే అక్కడితో ఆగాలి. సరేనంటే ముందుగా పాడేవారి పేరు, ఊరు, ఆ రోజు తేదీ, ఏ సందర్భంలో పాడే పాటో గొంతుతోనే చెప్పించి పెట్టుకోవాలి. కాగితం మీద రాసింది పోవచ్చు, ఫైలు పేరు మారవచ్చు, గొంతుతో చెప్పింది పాటతోనే ఉంటుంది. పూర్తయ్యాక ఒక ప్రతి ఆ ఇంటివారికి ఇవ్వాలి. మరో రెండు ప్రతులు వేరు వేరు చోట్ల ఉంచాలి. క్యాసెట్ల కాలంలో చేసిన రికార్డులు బూజుపట్టి, రిబ్బను అతుక్కుపోయి ఎన్నో పోయాయి. అటకల మీద ఇంకా పలికే క్యాసెట్లు ఉంటే వాటిని కంప్యూటరులోకి ఎక్కించడానికి ఆడాసిటీ పనికివస్తుంది. టేపురికార్డరు నుంచి ఒక తీగ కలిపి మీట నొక్కడమే.

ఇంటికి వచ్చాక పని పెద్దగా ఏమీ ఉండదు. ముందూ వెనుకా ఉన్న మాటలు కత్తిరించకుండా అసలు ప్రతిని అలాగే ఉంచి, మరో ప్రతిలో పాట వరకు తీసుకుంటే సరి. దీనికి ఒక ప్రోగ్రాము చాలు. స్వరాలు రాసే ఓపిక ఉంటే రెండోది. మూడోది ఎందుకో ఆలోచించుకోవడానికి గుండాల పోయి వచ్చే బస్సులో బోలెడు సమయం దొరుకుతుంది.